ముప్పై ఆరు చువ్వలు

కొట్టు షట్టరు సగమే లేచి ఉంది. పక్క సందులోంచి తెచ్చిన సైకిలుని ముందు లోపలికి తోసి, తర్వాత తానూ వంగి వచ్చింది ఆ అమ్మాయి. సైకిలు మీద బట్టల మూట, భుజం మీద మూడేళ్ళ కూతురు. ఇంకా నిద్రమత్తు వదల్లేదు.

అత్త అప్పటికే చక్రాలు బిగించే స్టాండు ముందు కూర్చుని ఉంది. ఆ వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆమె అత్తే. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనబడదు.

వెనక చక్రం ఎలా పాడైందని అత్త అడగలేదు. గుంతలో పడ్డ చక్రం లోపలికి నొక్కుకుంటుంది. కాలితో తన్నిన చక్రం పక్కకి ఒరుగుతుంది. ఇది పక్కకి ఒరిగింది. చువ్వలు కొన్ని తెగి, కొన్ని వంకర్లు పోయి, గాలివానకి తిరగబడ్డ గొడుగులా ఉంది.

"ఆయన లేచేలోపు వెళ్ళిపోవాలి అత్తా" అంది అమ్మాయి, గొంతు తగ్గించి. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఏడవడం ఎప్పుడో అయిపోయినట్టుంది.

ఎక్కడికో కూడా చెప్పింది. నది అవతలి ఊళ్ళో స్నేహితురాలు ఉంది. బట్టలు కుట్టేచోట పని చూసి పెట్టింది. బస్సెక్కితే ఎక్కడ దిగిందో సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకుంటుంది. సైకిలైతే కొండపక్క రాళ్ళదారిన పోవచ్చు, చూసేవాళ్ళుండరు. ఇక తిరిగి రాదట. ఎవరో పక్కింటావిడ సంగతి చెప్తున్నట్టు చెప్పింది. అత్త కూడా అలాగే వింది.

గోడకి పందేల సైకిలు చక్రం ఒకటి తగిలించి ఉంది. ఇరవై నాలుగే చువ్వలు. అమ్మాయి ఒంటిచేత్తో దాన్ని తీసింది. విస్తరాకులా లేచి వచ్చింది.

"ఇది వేసెయ్. చిటికెలో అయిపోతుంది."

"అయిపోతుంది. సాపు రోడ్డు మీద, ఒంటిమనిషివైతే గాల్లో తేలినట్టు పోతావు కూడా" అంది అత్త. "వెనక పిల్ల, మూట. కింద రాళ్ళు. తక్కువ చువ్వలుంటే ఒక్కోదాని మీద అంత బరువు పడుతుంది. ఒక్కటి తెగిందా, చక్రం ఊగి ఫ్రేముకి రాసుకుంటుంది. కొండ దగ్గర కూలబడ్డావంటే, నిన్ను వెనక్కి లాక్కు రావడానికి ఎంతసేపు?"

అమ్మాయి చక్రాన్ని మళ్ళీ గోడకి తగిలించింది.

"ముప్పై ఆరు వేస్తా. కాస్త బరువు. ఎత్తు ఎక్కేటప్పుడు పిక్కలు పట్టేస్తాయి. కానీ ఒకటి తెగినా మిగతావి పంచుకుంటాయి. మెల్లగానైనా చేరతావు."

"ఎంతసేపు పడుతుంది?"

"పట్టినంతసేపు."

అత్త పాత చువ్వలు తీసేసి చక్రం నడిమి హబ్బు విడదీసింది. కొత్త రిమ్ము ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కో చువ్వా హబ్బు కన్నంలోంచి దూర్చి, ఒకదాని మీదుగా, ఇంకోదాని కిందుగా, జడ అల్లినట్టు రిమ్ము దాకా తెచ్చి నట్టు ఎక్కిస్తోంది. ఆమె వేళ్ళ కొసలు ఏనాడో కాయలు కాసి మొద్దుబారాయి. సూది గుచ్చినా తెలియదు. ఆ మొద్దుతనం ఈమధ్య పైకి పాకుతోందని ఆమెకి అనుమానం.

షట్టరు కింద రెండు కాళ్ళు ఆగాయి. పేపర్లు వేసే అతను. అమ్మాయి టైర్ల గుట్ట వెనక్కి జరిగింది. అత్త ఇంత పొద్దున్నే ఏ పెళ్ళికూతురికి ముస్తాబు చేస్తోందని అతను బయటినుంచే వేళాకోళమాడాడు. పెళ్ళికొడుకువి నువ్వే, ముందు గాలి కొట్టుకుని బయల్దేరు అంది అత్త. అతను నవ్వుకుంటూ పంపు కొట్టి వెళ్ళిపోయాడు.

అమ్మాయి గుట్ట వెనకనుంచి వచ్చింది. ఎండ గడప దాకా పాకింది. చక్రం ఇంకా సగంలోనే ఉంది.

"అత్తా, కావాలనే ఆలస్యం చేస్తున్నావా?"

అత్త తల ఎత్తలేదు. "వదులు చక్రం మీద ఎవర్నీ పంపను" అంది.

అమ్మాయి పిల్లని ఇంకో భుజానికి మార్చుకుంది.

చక్రం స్టాండుకెక్కింది. అత్త మెల్లగా తిప్పుతూ బెండు తీసింది. ఇక్కడ అర చుట్టు బిగువు, అక్కడ పావు చుట్టు వదులు. మామూలుగా చివర్లో చువ్వల్ని ఒక్కొక్కటే మీటి, మోత సమంగా ఉందో లేదో వింటుంది. ఈవేళ మీటలేదు. రెండేసి చువ్వల్ని కలిపి గుప్పిట్లో నొక్కి, ఒకటికి రెండుసార్లు నొక్కి చూసుకుంది.

చక్రం సైకిలుకి బిగించింది. గొలుసు ఎక్కించింది. క్యారియర్ పక్కన మూట కట్టి, మీద దుప్పటి మడిచి, పిల్లని కూర్చోబెట్టి నడుం చుట్టూ తువ్వాలు కట్టింది. పిల్ల ఎడమకాలి మేజోడు జారిపోయి ఉంటే పైకి లాగింది. కాలు చల్లగా ఉన్నట్టుంది, ఆమె వేళ్ళకి సరిగ్గా తెలియలేదు.

"మొదటి ఎత్తు దగ్గర దిగి తోసుకో" అంది. "ఆ తర్వాత ఫరవాలేదు."

అమ్మాయి ఏదో అనబోయింది. అత్త వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపింది.

షట్టరు కింద వంగి చూస్తూ నిలబడింది అత్త. పిల్లని కాదు, చక్రాన్ని చూసింది. ఎక్కడా ఊగడం లేదు. మలుపు తిరిగే దాకా తిన్నగా పోయింది. ఏడుపో కోపమో, ఏదో ఒకటి వస్తుందేమోనని కాసేపు అక్కడే ఆగింది. ఏమీ రాలేదు.

లోపలికొచ్చి, నేలమీద పడ్డ విరిగిన చువ్వల్ని చీపురుతో ఓ మూలకి చేర్చింది.

అప్పుడు కొట్టుకీ ఇంటికీ మధ్య ఉన్న తెర తొలగించుకుని, కళ్ళు నులుముకుంటూ వచ్చిన ఆమె కొడుకు, "అమ్మా, నా పెళ్ళామేదీ?" అని అడిగాడు.