చిత్తడిలో కొంబిరై

చేతిలోకి తీసుకున్న కొంబిరై పూల కట్టను ఆ ఇల్లాలు మళ్లీ మెంథోయి బుట్టలోనే పడేసింది.

"ఉండు, అక్కడ చూసొస్తా."

అక్కడంటే, పొద్దున్నే ఎక్కడినుంచో వచ్చి ఎదురుగా గోనెపట్టా పరుచుకున్న ముసలమ్మ దగ్గర.

రేపే చైరావోబా. కొత్త సంవత్సరం పూట దేవుడికి ఈ నీలం పువ్వు పెట్టందే ఇంఫాల్లో ఏ ఇంటా పొయ్యి వెలగదు. మెంథోయి బేరమంతా ఈ ఒక్కరోజే. ఒళ్లో నాలుగు నెలల పిల్ల, పాలు చాలక ఒకటే ఏడుపు. ఇవాళ పాలడబ్బా లేకుండా ఇంటికెళ్లడానికి లేదు.

ముసలమ్మ పువ్వులు అరచేతంతేసి ఉన్నాయి. వాటి ముందు తనవి నలిగిన గుడ్డపేలికల్లా ఉన్నాయి.



"ఎక్కడ కోశావు పెద్దమ్మా, ఇంతింత పూలు?" మెంథోయి నలుగురికీ వినబడేలా అడిగింది.

"మా పెరటి మడుగులోవేనమ్మా."

"విన్నారా, పెరట్లోవట. దేవుడికి చిత్తడిలో తనంతట తాను పూసింది పెట్టాలి గానీ, అంట్లు తోమిన నీళ్లు తాగిన పువ్వా? నావి చూడండి, మోకాల్లోతు బురదలో దిగి కోసినవి."

"అట్లాగని ఎవరన్నారే?" అంది పక్కన చేపలమ్మే ఇబెతోన్.

"మా అత్త."

అత్త ఎప్పుడూ అనలేదు.

పండగపూట అనుమానం ఎందుకని కొనేవాళ్లు ఒక్కొక్కరే ఇటు జరిగారు.

ముసలమ్మ మెంథోయి బుట్టలోకి తొంగిచూసింది. ఏదో అనబోయి, ఏడుస్తున్న పిల్లను చూసి ఊరుకుంది. గోనెపట్టా మడుచుకుని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పాలడబ్బా ఇంటికొచ్చింది.

మరుసటేడు పండగ ముందురోజు, పిల్లను వీపున కట్టుకుని మెంథోయి చిత్తడికి వెళ్లింది. గడ్డి, నీళ్లు, కొత్తగా పోసిన మట్టిగుట్టలు. ఒక్క నీలం చుక్క లేదు.

"ముందే ఎవరైనా కోసేశారా తాతా?" పడవలో వల సర్దుకుంటున్న ముసలాయన్ని అడిగింది.

"పూస్తేగా కోయడానికి. ఇళ్లకోసం మట్టి పోయడం మొదలెట్టాక ఇక్కడి పువ్వు ఎప్పుడో చచ్చింది."

"అదేంటి, ఏటా ఇక్కడే కోస్తున్నాగా?"

"నాటే మనిషి ఉండేది మరి. ఏటా మొక్కల్ని మట్టి మింగేసేది, ఏటా వానల్లో ఆవిడ బుట్టెడు దుంపలు తెచ్చి బురదలో గుచ్చేది. పోయిన వానాకాలం రాలేదు. దారిలో కనబడితే ఏమమ్మా అన్నా, మా పెరటిది దేవుడికి పనికిరాదంట తమ్ముడూ అంది. చలికాలంలో తనూ పోయింది."

మెంథోయి వీపున పిల్లను గట్టిగా అదిమిపట్టుకుంది.

"నువ్వు ఇన్నేళ్లూ మోకాల్లోతు దిగి కోసుకెళ్లినవి ఆవిడ పెరటి పువ్వులే తల్లీ."