రెండో హ్యాండిల్

కిటికీ దగ్గర మళ్ళీ ఆ ముసలాయనే.

ఆగయ్యకు ఒళ్ళు మండింది. వారం నుంచి ఇదే తంతు. సాయంత్రం బర్రెల పాలు పితికి వచ్చేసరికి ఆ మనిషి ఊచలు పట్టుకుని లోపలికి చూస్తూ ఉంటాడు.

లోపల మంచం మీద కూతురు కళావతి చేతిలో హ్యాండిల్ పట్టుకుని, దాని మీటలు నొక్కుతూ టీవీలో ఆట ఆడుతోంది. మెట్ల మీంచి పడి కాలు విరిగి, ఇక కుంటు తప్పదని డాక్టరు అన్ననాటి నుంచి ఆ పిల్ల నవ్వే మరిచిపోయింది. అంతలో దుబాయ్ నుంచి టీవీకి తగిలించే ఈ ఆటల డబ్బా వచ్చింది. బామ్మర్ది సీతారాం ఏదో పంపుతానన్నాడు, పంపాడు. అవతల మలక్‌పేటలో ఒకరిద్దరి ఇళ్ళలో ఉన్న పాత డబ్బాల్లో ఎప్పుడూ ఒకటే బంతి ఆట. ఇందులో క్యాసెట్ మారిస్తే ఆటే మారిపోతుంది! పిల్ల మళ్ళీ పకపకా నవ్వుతోంది.

ఆ నవ్వు మీద ఎవరి కన్ను పడుతుందోనని ఆగయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు.

“ఎవరు నువ్వు? రోజూ ఏంది గిట్ల చూస్తవ్?”

“ఏం లేదు తమ్మీ. రెండో హ్యాండిల్ ఉంటది గద, అది తియ్. బిడ్డతోని ఒక్క ఆట ఆడుత.”

ఆగయ్య ఉలిక్కిపడ్డాడు. చెడిపోతుందని రెండోది బీరువాలో తనే దాచాడు.

“రెండోది ఉన్నదని నీకెట్ల ఎరుక?”

ముసలాయన చూపు కళావతి మీదికి పోయింది.

“పెద్దమనిషి, లోపలికి రానియ్యరాదు,” అంది భార్య శారదమ్మ.

“నీకేమెరుక? ఇయ్యాల ఆట అంటడు, రేపు డబ్బానే ఎత్కపోతడు. నడువ్! మళ్ల ఈ గల్లీల కనవడితే పోలీసులకు చెప్త.”

అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా!

“మంచిగ ఆడు బిడ్డా,” అని ముసలాయన వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అయినా ఆగయ్య మనసు కుదుటపడలేదు. పాలు పితుకుతున్నా చూపు కిటికీ వైపే పోయేది.

కొన్నాళ్ళకు, ఆ డబ్బా తెచ్చి ఇచ్చిన సీమోను వచ్చాడు. చంకలో పువ్వుల దుబాయ్ కంబళి.

“అన్నా, మీ బామ్మర్ది పంపింది ఇది. ఈ ఉప్పుగూడల ఇద్దరు ఆగయ్యలున్నరని నాకేమెరుక? ఆ ముసలి ఆగయ్యకు కొడుకు పంపిన డబ్బా మీకిచ్చిన, మీ కంబళి ఆయనకిచ్చిన. తప్పు తెలిసిన నాడే, పోయి డబ్బా తెచ్చుకోమని ఆయనకు చెప్పిన. వచ్చిండు గూడ. ‘ఆడ ఒక బిడ్డ నవ్వుతుంది, ఉండనియ్’ అన్నడు.”

ఆగయ్య సిగ్గుతో చితికిపోయాడు. గబగబా బీరువాలోంచి హ్యాండిల్ తీశాడు.

“నడువ్, పోదాం. కాళ్ళు మొక్కి తీస్కొస్త. కళావతితోని ఆడిపిస్త.”

“యాడికి పోతవన్నా? పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి తన బిడ్డ కాడికి పోయిండు. యే ఊరో చెప్పలే.”

“డబ్బా పంపిన కొడుకున్నడు గద, ఆయన్ని అడుగుదాం!”

సీమోను తల దించుకున్నాడు.

“ఆ కొడుకే ‘నేనొచ్చినంక నేనూ బాపూ చెరో హ్యాండిల్ పట్టుకొని ఆడుతమని చెప్పు’ అని డబ్బా నా చేతిల పెట్టిండన్నా. నేను బొంబాయిల దిగిన నాడే, దుబాయిల పనికాడ ఆ పిలగాని పానం పోయింది.”