పెద్ద రొయ్య ముందు

"ఆ ప్రోగ్రాంకి సున్నా వేయడం అన్యాయం సార్," అంది ఇంద్రజ.

కుక్కుటేశ్వరరావు గారు ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు. భీమవరంలోని ఆ కాలేజీలో మొదటి సంవత్సరం పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పేది ఆయనే.

"సాయంత్రానికల్లా మార్కుల లిస్టు ప్రిన్సిపల్ గారికి పంపాలమ్మా. ఇప్పుడొచ్చి నా నెత్తిన కూర్చున్నావా?"

ఆ లిస్టులో మొదటి పేరుకే విశాఖ కంపెనీలో వేసవి శిక్షణ. ఒక్కరికే. అక్కడ పని నచ్చితే, చదువయ్యాక ఉద్యోగం కూడా వాళ్ళే ఇస్తారు. ఆ మొదటి చోటు కోసం ఇంద్రజ, హెలెన్ ఏడాది పొడవునా పోటీ పడ్డారు. ఒకరు ల్యాబ్‌లోంచి లేవకపోతే రెండోవాళ్ళూ లేచేవారు కాదు. చివరి ల్యాబ్ పరీక్షలో వచ్చిన ఒక్క ప్రశ్న దగ్గర తేడా వచ్చింది.

ప్రశ్న చాలా చిన్నది. ఐదు చెరువుల రొయ్యల కౌంట్లు ఇచ్చారు. అరవై, ముప్ఫై, వంద, నలభై, ఎనభై. పెద్ద రొయ్య ముందు వచ్చేలా ఆ అంకెల వరుసని, అంటే అర్రేని, సార్ట్ చేయాలి. ఈ ఊరి పిల్లలకి ఇట్టే అర్థమవుతుందని ఆయనే ముచ్చటపడి తయారు చేసిన ప్రశ్న.

జవాబు వందతో మొదలవ్వాలని ఆయన లెక్క. క్లాసంతా వందే ముందు పెట్టింది. ఒక్క ప్రోగ్రాం మాత్రం ముప్ఫైతో మొదలైంది.

"పెద్దా చిన్నా పోల్చే గుర్తు తిరగేసి రాస్తే సున్నా కాక ఏం వేస్తారు?" అన్నారాయన. "చిన్న అంకె ముందు పెట్టి, పెద్దది ముందుందంటే ఎలా?"

"కౌంట్ అంటే కేజీకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క సార్. ముప్ఫై తూగితే పెద్దవి. వంద తూగితే పిల్లలు."

"మాది తునిలో కిరాణా కొట్టమ్మా. కాటా పక్కనే పుట్టి పెరిగాను. ఎక్కడ తూచినా వంద ముప్ఫై కంటే పెద్దదే."

"ఎప్పుడైనా రొయ్య తిన్నారా సార్?"

"శివశివా! మా ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు."

"అదండి సంగతి."

ఆయన మొహం ఎర్రబడింది. "నోరు బాగా లేస్తోందే! అసలు నీకెందుకమ్మా ఈ గొడవ? నోరు మూసుకుని ఇంటికెళ్తే నీకే మంచిది. ఇంకొక్క మాట మాట్లాడావంటే నీ ఇంటర్నల్ మార్కులు కోసేస్తాను."

"కోసుకోండి సార్. తప్పు జవాబుకి పదీ, ఒప్పు జవాబుకి సున్నానా? నేను ఊరుకోను. ప్రిన్సిపల్ గారి దగ్గరికే వెళ్తాను. ఆయనకీ చెరువులున్నాయి."

విసురుగా బయటికెళ్ళింది. పీడ విరగడైందనుకున్నారు కుక్కుటేశ్వరరావు గారు.

గంట తిరక్కుండా ఇంద్రజ మళ్ళీ వచ్చింది. ప్రిన్సిపల్ గారితో కాదు, థర్మోకోల్ పెట్టెతో. మూత తీసేసరికి స్టాఫ్ రూమంతా నీచు వాసన. ఆయన జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఏంటమ్మా ఇది! నా టేబుల్ మీద!"

"మీరు ముట్టుకోవద్దు సార్. చూడండి చాలు."

రెండు రొయ్యలు తీసి ఐసు మీద పక్కపక్కన పెట్టింది. ఒకటి అరచేతిలో పట్టనంత ఉంది. రెండోది వేలెడంత.

"ఇది ముప్ఫై కౌంట్. ఇది వంద. ఏది పెద్దదో మీ నోటితో చెప్పండి. వందే అంటే ఈ పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాను."

పక్క టేబుల్ మేడం కిసుక్కున నవ్వింది.

ఆయన రెండింటినీ మార్చి మార్చి చూశారు. రుమాలు తీయకుండానే అడిగారు. "మరి పరీక్షప్పుడు ఎవరూ ఈ మాట చెప్పలేదేం?"

"మార్కులు వేసేది మీరు కదా సార్. ఎవరు చెబుతారు?"

ఆయనకి చురుక్కుమంది. ల్యాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నారు.

"సరే. ఎవరికీ వేసిన మార్కులు తీయను. ఆ ప్రోగ్రాంకి మాత్రం పది వేస్తాను. బాగా ఆలోచించుకున్నావా? తర్వాత మళ్ళీ మార్చమంటే మార్చను."

"మార్చొద్దు సార్. వేయండి."

ఆయన హెలెన్ పేరు పక్కనున్న సున్నా చెరిపి పది కొట్టి, సార్ట్ బటన్ నొక్కగానే, అప్పటిదాకా మొదట్లో ఉన్న ఇంద్రజ పేరు రెండో వరుసలోకి జారింది.