అందరూ ఎగిరితేనే

“నన్ను తొందరగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నాన్న కూడా బండెక్కాలి,” అంది ఆరేళ్ల పాప పిచ్చుక, సోఫాలో ముడుచుకుని పొట్ట పట్టుకుని.

“నేనా? ఆసుపత్రి వాసనే నాకు పడదు,” అన్నాడు తండ్రి గోడకి ఆనుకుని. “బడి ఎగ్గొట్టే వేషాలండీ ఇవి. మీరు వెళ్లిపోండి.”

అంబులెన్సులో వచ్చిన నర్సు పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని పొట్ట మీద చెయ్యి వేసింది.

“ఇక్కడ నొప్పా?”

“ఆఁ.”

“ఇక్కడ?”

“అక్కడా.”

“మరి ఇక్కడ?” నర్సు మోచేయి ముట్టుకుంది.

“అక్కడే ఎక్కువ.”

డ్రైవరు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు. తల్లికి మాత్రం నవ్వు రాలేదు. అప్పటికే సంచిలో పిల్ల గౌన్లు కుక్కేసింది. “తీసుకెళ్లండమ్మా, దారిలో చూడొచ్చు.”

“తీసుకెళ్లాలో అక్కర్లేదో గెంతిస్తే తెలుస్తుంది,” అంది నర్సు. “లోపల వాపుంటే పొట్ట కలుక్కుమంటుంది. ఏదీ, ఒక్కసారి ఎగురు.”

“అందరూ ఎగిరితేనే.”

నానమ్మ కళ్లజోడు తీసి అలమరాలో పెట్టింది.

“నువ్వెందుకమ్మా?” అన్నాడు తండ్రి.

“పిల్ల ఆ బండెక్కి వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి చూడటం నా వల్ల కాదురా. పల్టీ కొట్టమన్నా కొడతాను.”

నానమ్మ ఎగిరింది. తల్లి సంచితో సహా ఎగిరింది. డ్రైవరు ఎగిరితే అలమరాలో గ్లాసులన్నీ ఘల్లుమన్నాయి. కింది వాటా వాళ్లు కర్రతో పైకప్పు పొడిచారు. ఆ సందడికి పిచ్చుక సోఫా దిగి, కిలకిలా నవ్వుతూ బంతిలా గెంతింది.

“ఏమీ లేదు, నిక్షేపంలా ఉంది,” అంది నర్సు ఆయాసపడుతూ. “ఆసుపత్రి అక్కర్లేదు.”

అత్తాకోడళ్లు చేతులు పట్టుకుని ఇంకో రెండు గెంతులు గెంతారు, ఈసారి ఊరికే.

“నాన్న ఎగరలేదు,” అంది పిచ్చుక.

“నాకెందుకే?”

“ఆట ఆటే సార్,” అన్నాడు డ్రైవరు. “ఒక్క గెంతు.”

తండ్రి జానెడెత్తు ఎగిరాడు. పాదాలు నేలకి ఆనగానే పొట్ట కుడివైపు పట్టుకుని కూలబడ్డాడు. నర్సు గబగబా వచ్చి నొక్కి చూసింది. నుదురు కాలిపోతోంది.

“ఎప్పటినుంచి సార్?”

“నిన్నట్నుంచి. గ్యాసనుకున్నా.”

“అపెండిక్సులా ఉంది. ఇంకా ఆలస్యం చేస్తే పగిలేది. అన్నా, స్ట్రెచర్ తే. మామ్మగారూ, భయపడకండి, వేళకే దొరికారు.”

స్ట్రెచర్ వచ్చేసరికి పిచ్చుక నాన్న చెప్పులు తెచ్చి దానిమీద పెట్టింది. తల్లి ఆ చెప్పుల్నీ కూతుర్నీ మార్చి మార్చి చూసింది.

“నీకు ముందే తెలుసా? నోరు విప్పి చెప్పొచ్చుగా.”

“ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నాడు,” అంది పిచ్చుక. “నాన్నకి నొప్పని చెప్పొద్దన్నాడు గానీ, నాకు నొప్పని చెప్పొద్దనలేదుగా.”