తళతళ చేతి మహిమ

"ఇంత చదువూ చదివి దరిద్ర పదార్థం చేస్తున్నావా నాయనా?" ఫోన్లో వాపోయింది అమ్మ.

"దరిద్రం కాదమ్మా, సచ్ఛిద్రం! ఒళ్ళంతా కన్నాలుండే పొడి. నీళ్ళలో కలిపి దీపం కింద పెడితే పెరాక్సైడ్ పుట్టాలి. అదే, పుండు మీద పోస్తే బుసబుసా పొంగుతుందే, ఆ మందు."

"పుట్టిందా?"

"లేదు."

"మరైతే నేను సరిగ్గానే విన్నాను."

కునుకుబాబు ఫోన్ పెట్టేశాడు. ల్యాబులో అతనికి అదే పేరు. పొడికి కన్నాలు ఎక్కడుండాలో, ఎంతుండాలో గీసిందీ అతనే, తయారు చేసిందీ అతనే. ఏళ్ళ తరబడి దాంతోనే కాపురం. సంతానం మాత్రం సున్నా.

విచిత్రమేమిటంటే, అదే పొడి, అదే దీపం, పక్కబల్ల మీద తళతళకి పెరాక్సైడ్ పంటే పంట! తళతళ అంటే జూనియర్. చేతులు కడుక్కుని, ఆ చేతులు తిప్పిన కుళాయిని కూడా కడిగే రకం.

ఆమెని చూస్తే ఇద్దరికీ గైడైన మాస్టారి మొహం వెలిగేది. కునుకుబాబుని చూస్తే ఫ్యూజు పోయేది. పదార్థాల్లో రంధ్రాన్వేషణ చేసి పేరు తెచ్చుకున్న మనిషి, శిష్యుడిలో చేయడం ఆయనకొక లెక్కా?

"డబ్బాలోంచి తీసి అలాగే నీళ్ళలో పోసేస్తావుటోయ్? మొహం కడగకుండా పెళ్ళికెళ్ళినట్టు!"

"ఇప్పుడే చేసిన పొడి సార్, శుభ్రంగానే ఉంది. ఒక్కసారి తళతళ పొడిని దీపం లేకుండా చీకట్లో పెట్టి చూద్దామా?"

"చీకట్లో పెట్టాల్సింది నిన్ను! ఈసారీ సున్నా వస్తే నీ డాక్టరేట్‌కి నీళ్ళొదులుకో."

ఈసారీ సున్నాయే వచ్చింది. సున్నాకి ఉన్న నిజాయితీ ఇంకే అంకెకీ ఉండదు.

సోమవారం మీటింగులో అందరి ముందూ తీర్పు చెప్పారు మాస్టారు. కునుకుబాబు సామాను సర్దుకోవాలి. తళతళ పెద్ద పత్రికకి వ్యాసం పంపాలి. చప్పట్లు.

"పోయేముందు కాస్త నేర్చుకుని పో," అన్నారు. "అమ్మా, నీ చేతి మహిమేమిటో ఈ మొద్దబ్బాయికి చెప్పు."

తళతళ సిగ్గుపడింది. "మహిమేం లేదు సార్. కన్నాల్లో మురికుంటే వెలుగెలా దూరుతుంది? అందుకే ముందురోజే ప్రతి కన్నంలోకీ ఇంకేదాకా నానబెట్టి, వడకట్టి ఉంచుకుంటాను."

"విన్నావుటోయ్? నానబెట్టాలి! ఎందులోనమ్మా?"

"ఇంకెందులో సార్, మురికిని తినేయడంలో దాన్ని మించింది లేదు," మురిసిపోతూ అందరికీ వినబడేలా చెప్పింది తళతళ, "పెరాక్సైడ్‌లోనే!"