ఫ్యానుకి మూడు

“ఫ్యానుకి మూడిచ్చావా తల్లీ!” అంటూ పెద్దసారు మళ్ళీ పకపకా నవ్వాడు. వారం రోజులుగా ఆయన నోట ఇదే కబురు. లిఫ్టులు తయారుచేసే ఆ కంపెనీలో ప్రోగ్రాములు రాసేవాళ్ళందరికీ ఆయనే పెద్ద. ఆ సాయంత్రమే ఆయన పదవీ విరమణ.

కొత్తమ్మాయి తల దించుకుంది. లిఫ్టులో జరిగే సంగతులన్నీ ఒకే అంకెలో ఇముడుతాయి, ఒక్కోదానికి ఒక్కో బిట్టు, అంటే ముందుదానికి రెట్టింపు విలువ. తలుపు మూసుకుంటే ఒకటి, బరువెక్కువైతే రెండు, ఫ్యాను తిరిగితే నాలుగు. ఇరవై రెండేళ్ళ కిందట పెద్దసారు వాటిని సి భాషలో డిఫైన్లుగా, అంటే ఒక్కో పేరుకి ఒక్కో అంకె విడివిడిగా కట్టి రాశాడు. కొత్తమ్మాయి వాటిని ఈనమ్‌గా, అంటే పేర్లన్నీ ఒకే జాబితాగా మార్చింది. మార్చడం బాగానే మార్చింది కానీ, మొదటిదానికి ఒకటి అని రాసి మిగతావి, ప్రోగ్రాముని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కి వదిలేసింది. అది తనకు తోచినట్టు ఒకటి, రెండు, మూడు అని వరసగా ఇచ్చుకుంటూ పోయింది; ఫ్యానుకి నాలుగు బదులు మూడొచ్చింది. మూడంటే ఒకటీ రెండూ కలిసిందే కదా! ఇంకేముంది, ఫ్యాను వేసినప్పుడల్లా ఖాళీ లిఫ్టు బరువెక్కువైందని మొరాయించింది.

“ఈసారి అన్ని విలువలూ నేనే రాశాను సార్. ఈనమ్ అయితే తప్పు వెతికేటప్పుడు తెరమీద పేర్లు కనబడతాయి. మీ డిఫైన్లకి ఉత్త అంకే.”

“ఒకటీ నాలుగూ కలిసి ఐదు కనబడితే తలుపు మూసుంది, ఫ్యాను తిరుగుతోంది అని నాకు తెలీదూ? ఇన్నేళ్ళలో ఒక్క లిఫ్టు ఆగిందా?”

“లేదు సార్. కానీ రేపట్నుంచి ఐదంటే ఏమిటో ఎవర్ని అడగాలి?”

పెద్దసారుకి ఆ మాట చురుక్కుమంది.

“సరే, నీ ఇష్టమొచ్చినట్టు చేసుకో. సాయంత్రం లిఫ్టులోనే తేల్చుకుందాం. పరీక్ష పుస్తకంలో నేను దేనికి సంతకం పెడితే కొత్త లిఫ్టులన్నిటికీ అదే. మన పద్ధతి తెలుసుగా? రాసినవాళ్ళే ముందు ఎక్కాలి.”

ఆ పద్ధతి పెట్టింది ఆయనే. తప్పు రాస్తే ముందు వణకాల్సింది రాసినవాళ్ళ కాళ్ళే అని ఆయన వాదం.

సాయంత్రం ఆయన వచ్చేసరికి కొత్తమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని పరీక్ష లిఫ్టు దగ్గర నిలబడి ఉంది.

“సార్, నేను...”

“ఆగు తల్లీ. ముందు నాది. లిఫ్టు ఎలా నడవాలో చూసి నేర్చుకో.”

తలుపు తెరుచుకుంది. ఆయన కాలు పెట్టేలోపే ఆమె గబుక్కున లోపలికి దూరింది.

“పెద్దవాళ్ళని తోసుకుని ఆ పరుగేమిటి? ఈ కాలం పిల్లలు!”

లిఫ్టు బయల్దేరింది. పెద్దసారు ఆమెవైపు కొంటెగా చూస్తూ ఫ్యాను మీట నొక్కాడు. ఆమె గోడకున్న కమ్మీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

“అంత భయమెందుకమ్మా? నాతో ఉన్నావుగా!”

లిఫ్టు ఆగలేదు. ఆమె మెల్లగా కళ్ళు తెరిచింది.

“తెరమీద ఏముంది?” అన్నాడాయన, ఆమె లాప్‌టాప్ వైపు చూడనైనా చూడకుండా.

“తలుపు మూసుకుంది, ఫ్యాను తిరుగుతోంది,” అని ఆమె తెరమీద ఉన్నది ఉన్నట్టే చదివింది.

“శభాష్! నా అంకెలు అప్పుడే వంటబట్టాయే!” ఆయన ఛాతీ ఉప్పొంగింది.

పదో అంతస్తు దాకా వెళ్ళి కిందికి వచ్చారు. ఎక్కడా చిన్న కుదుపు లేదు. బయటికి రాగానే ఆయన పరీక్ష పుస్తకం తెరిచాడు.

“సార్, సంతకానికి ముందు ఒక్కమాట...”

“నా ఆఖరి సంతకం తల్లీ, అడ్డు రాకు.” ‘వంక పెట్టడానికి లేదు. కొత్త లిఫ్టులన్నిటిలో ఇదే ఉండాలి’ అని గుండ్రంగా రాసి, దర్జాగా సంతకం గీశాడు. కళ్ళు చెమర్చాయి. “ఇరవై రెండేళ్ళ కష్టం. చాలా గర్వంగా ఉంది.”

“నాకూ గర్వంగానే ఉంది సార్.”

“ఏదో నీ ముచ్చట కూడా తీరుద్దాం. నాది తీసేసి నీది పెట్టు. గుండె చిక్కబట్టుకో, ఈసారి నువ్వే ముందు ఎక్కాలి.”

కొత్తమ్మాయి ఆ పుస్తకాన్ని మూసి, రెండు చేతులతో గుండెకు హత్తుకుంది.

“ఎక్కాను కదా సార్, మీకంటే ముందే.”