ఎదురుకాళ్ళ పిచ్చియ్య

మంగళవారం పొద్దెక్కినా పిచ్చియ్య గడపలోకి ఒక్క నడుమూ రాలేదు.

సందు మొదట్లో, క్వారీ నుంచి దించిన నాపరాళ్ళ దగ్గర మాత్రం పదిమంది మూగి ఉన్నారు.

"ఏందిరా సుభానీ అక్కడ?"

"ఎవరో ముసలామె మామా. వెల్దుర్తి నుంచి వచ్చిందంట. నడుములు చూస్తంది."



పిచ్చియ్య ఎదురుకాళ్ళతో, అంటే కాళ్ళు ముందుగా, పుట్టినవాడు. అట్లాంటివాడు మంగళవారంనాడు కుడికాలితో మూడుసార్లు తొక్కితే ఎంతటి నడుంపట్టయినా వదలాల్సిందే. ఊహ తెలిసినప్పటి నుంచి అతనికి అదే బతుకు. యుద్ధం వచ్చి ఊరంతా గింజలకు కటకటలాడినా తొక్కినందుకు అతని గంపలో పడే జొన్నలు తగ్గలేదు.

వెళ్ళి గోడచాటున నిలబడ్డాడు.

"ఒక్క వేలితో చూపించు నాయనా. ఎక్కడ?" అంటోంది ముసలామె.

రాళ్ళు మోసే కూలీ ఒకడు నడుం కింద, వెన్నుకు పక్కన, గుంట దగ్గర వేలు పెట్టాడు.

ఆమె వాణ్ణి బండ మీద వెల్లకిలా పడుకోబెట్టింది. నొప్పి ఉన్న వైపు కాలు మడిచి, మడమను రెండో మోకాలి మీద పెట్టింది. ఒక చెయ్యి అవతలి తుంటి మీద ఆనించి, రెండో చేత్తో మడిచిన మోకాలిని మెల్లగా కిందికి నొక్కింది.

"అబ్బా!"

"ముందా, వెనకా?"

"వెనకే అవ్వా. వేలు పెట్టిన చోటే."

పక్కకు తిప్పి, తుంటి మీద రెండు అరచేతులూ వేసి నొక్కింది. మళ్ళీ అదే కేక.

"కీలు పట్టింది. ఎముకకేం కాలా. పో, పిచ్చియ్య చేత తొక్కించుకో. మెల్లిగా తొక్కమను."

తరవాత బాలింత ఒకతె వచ్చింది. "పురిట్లో వదులైన కీలమ్మా ఇది. తొక్కితే కాదు, కడితే కుదురుకుంటది," అంటూ ముసలామె పాత చీరపేలిక తుంటి చుట్టూ బిగించి కట్టింది.

ఆ తరవాత రాళ్ళు మోసే అంకారావు వంతు వచ్చింది. వాడు వేలు పెట్టలేదు. అరచెయ్యి వీపంతా తిప్పాడు. ఆమె వెన్నుపూస మీద వేలి కణుపుతో తట్టింది. వాడు ఎగిరిపడ్డాడు.

"నీది వెన్నులో ఉంది నాయనా. ఎవురూ తొక్కకూడదు. పేట ఆసుపత్రికి పో."

పిచ్చియ్య పళ్ళు కొరుక్కున్నాడు. నా గడప ఎక్కాలంటే దీని చీటీ కావాలా?

మూడు మంగళవారాలు అట్లాగే గడిచాయి. వచ్చిన ప్రతివాడూ "అవ్వ పంపింది" అనేవాడు. ఆ మాట చెప్పులో ముల్లులా గుచ్చేది.

నాలుగో మంగళవారం ఆగలేకపోయాడు.

"ఏమే ముసల్దానా! ఎదురుకాళ్ళతో పుట్టింది నువ్వా, నేనా?"

అందరూ గొల్లుమన్నారు. ఆమె అతని పాదాలకేసి కాసేపు చూసింది.

"నేను కాదయ్యా."

"మరి నాకే నేర్పుతావా?"

"నేర్పేదాన్ని కాదు. చూసి పంపేదాన్ని."

"నీ చూపు నాకక్కర్లా. మళ్ళీ ఈ సందులో కనపడితే కాళ్ళు విరగ్గొడతా!"

ఆమె కర్ర అందుకుని లేచింది. "పోతాలే. అంకారావును మాత్రం తొక్కమాక. నీకు దండం పెడతా."

ఆ ఒక్కమాటే అతన్ని రెచ్చగొట్టింది. ఇంకా పేటకు పోని అంకారావు నడుం పట్టుకుని ఆ గుంపులోనే ఉన్నాడు.

"ఒరేయ్ అంకారావూ! పేట ఎందుకురా, నేను చచ్చాననుకున్నావా? రా, పడుకో."

ఒకటి. రెండు. మూడు.

"మామా," అన్నాడు అంకారావు బోర్లా పడుకునే. "నా కాళ్ళు ఏమైనయ్?"

వాణ్ణి బండిలో వేసుకుని పేటకు తీసుకెళ్ళారు.

మళ్ళీ మంగళవారం వచ్చింది. పిచ్చియ్య గడపలో ఎవరూ లేరు. నాపరాళ్ళ దగ్గరా ఎవరూ లేరు.

అతను వెల్దుర్తి దారి పట్టాడు. ఆమె ఇల్లెక్కడని అడుగుతూ పోతే రెండు కోసుల అవతల ఇల్లు దొరికింది.

"మొన్న ఆదివారం అమ్మను మట్టి చేశాం," అంది ఆమె కూతురు మరియమ్మ. "నువ్వు పిచ్చియ్యవా?"

పిచ్చియ్య తలూపాడు.

"నా పొట్ట కొట్టడానికి వచ్చిందనుకున్నా తల్లీ."

"పొట్ట కొట్టడానికా! మా ఊరి బండి తోలే ఆయన నీ దగ్గర తొక్కించుకుని మంచాన పడ్డాడు. అప్పట్నుంచి అమ్మకు కంటి మీద కునుకు లేదు. 'నేనాడిన అబద్ధం కింద ఇంకో నడుం నలగకూడదే' అని ప్రతి మంగళారం మీ ఊరు నడిచేది."

"ఆమె ఆడిన అబద్ధమేంది?"

"నువ్వు పుట్టిన ఏడు అమ్మ మీ ఊరి మంత్రసాని. ఆ ఏడే ఇటు వచ్చేసింది. నువ్వు అందరిలాగే తలతోనే పుట్టావంట. తండ్రి లేని బిడ్డ, ఎట్టాగైనా ఇంత ముద్ద తిని బతుకుతాడని, ఎదురుకాళ్ళని ఊరికి చెప్పింది ఆమేనంట."